అన్నం మెతుకులతో అతికించిన రూల్ బుక్కు

గార్డు గారు పోయారు. మొన్న పొద్దున్నే సర్కండా పేట నుంచి వాళ్ళ కోడలు ఫోన్ చేసి, "అంకుల్, మావయ్య గారు నహీ రహే" అంది.

సంతాపసభలో మైకు దొరికిన పెద్దమనుషులు ఆయన్ని 'అదృష్టవంతుడు' అన్నారు. ప్రమోషన్ పరీక్ష పైవాళ్ళ దయతో పాసయ్యారని వెనక వరసలో గుసగుసలు. ఈ రైల్వే కాలనీలో ఆ మాట పుట్టించింది నేను. ముప్పై ఏళ్ళుగా మోసింది మీరు. మీది మీరు దించుకోండి. నాది నేను ఇక్కడ దించుతున్నాను.

అప్పట్లో మేమిద్దరం గూడ్సు బళ్ళ గార్డులం. పక్క పక్క క్వార్టర్లు. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి డిపార్ట్‌మెంట్ పరీక్ష పడింది. వయసు దాటిపోతోంది కనక ఇద్దరికీ అదే ఆఖరి అవకాశం. అంతకుముందు రెండుసార్లు, పూర్తిగా తయారు కాలేదని, నేను దరఖాస్తే పెట్టలేదు.

రైల్వేలో నియమం మారినప్పుడల్లా ఒక చీటీ వస్తుంది. దాన్ని రూల్ బుక్కులో సరైన చోట అంటించుకోవాలి. నేను స్కేలు పెట్టి కత్తిరించి, బ్రష్షుతో గమ్ము రాసేవాణ్ణి. ఒక వెంట్రుకవాసి వంకర పోతే ఆవిరి పట్టి ఊడదీసి మళ్ళీ అంటించేవాణ్ణి. అన్ని చీటీలూ అయ్యాకే చదువు మొదలుపెట్టాలని పట్టుదల. డివిజన్ మొత్తంలో అంత అందమైన రూల్ బుక్కు లేదు. అందులో నేను మూడో అధ్యాయం దాటలేదు.

ఆయన భోజనం దగ్గరే నాలుగు మెతుకులు నలిపి చీటీ అంటించి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, అది చదువుతూ తినేసేవారు. పుస్తకానికి చీమలు పట్టేవి.

"ఇదేటి బావా, పుస్తకమా పులిహోర పొట్లమా?" అన్నాను.

"నువ్వు పుస్తకానికి పెళ్ళి చేస్తన్నావు. మరి కాపరం ఎప్పుడు?" అన్నారు, ముద్ద నోట్లో ఉండగానే.

పరీక్ష రోజు నేను రానన్నాను. ఇంకో నెల ఉంటే పూర్తయ్యేదన్నాను. ఆయన మా గుమ్మంలో కూర్చుండిపోయారు.

"అచ్ఛా, అయితే నేనూ ఎల్లను."

"నీకేటి పిచ్చా?"

"తెలిసింది రాసీ, తెలీంది ఒగ్గీ. ఉరి తీసెస్తారేటి? లే, చొక్కా తొడుక్కో."

వెళ్ళాను. తప్పాను. ఆయన పాసయ్యారు. వారం తిరక్కుండానే, ఫలానా ఆఫీసరు కాళ్ళు పట్టుకున్నాడని షెడ్డులోనూ, టీ బండి దగ్గరా నేనే చెప్పాను. అది బిల్హా స్టేషను దాకా వెళ్ళి, చివరికి ఆయన చెవిన పడింది. ఇన్‌స్పెక్టరుగా ఒకరోజు బండి చివర నేనుండే బ్రేక్ వ్యాన్ ఎక్కి పక్కన కూర్చున్నారు.

"నువ్వన్న మాట ఇన్నాను బావా. ఊరికే పాసైపోనానన్నావంట. సగం నిజమేలే. నాకు సగమే తెలుసు."

కోపం లేదు. టిఫిను డబ్బా తెరిచి నా వైపు జరిపారు. నేను ముట్టుకోలేదు.

ఆ సగం ఆయన ఎలా రాశారో చూసిన సాక్షిని నేను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పరీక్ష హాల్లో ఆయన నా ముందు బల్ల, కాస్త పక్కగా. ఐదు ప్రశ్నలు. నేను మొదటిది రాసి, నచ్చక కొట్టేసి, కొత్త కాగితం మీద మళ్ళీ రాశాను. స్టేషను పటాన్ని స్కేలుతో గీసి, బాణాల మొనలు దిద్దాను. ఆయన రెండో ప్రశ్న చదివి, తల గోక్కుని, సిగ్గులేకుండా మూడోదానికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ రెండోదాని వైపు చూడనైనా లేదు. నేను చాలా చదివినవాణ్ణి, యుద్ధాలూ త్యాగాలూ నిండిన లావుపాటి పుస్తకాలు. తనకు తెలియనిదాన్ని అంత తేలిగ్గా దాటేసే ధైర్యం వాటిలో ఎక్కడా తగల్లేదు.

గంట కొట్టారు. నా చేతిలో ఒకే ఒక్క జవాబు, మచ్చలేనిది. ఆయన కలం ఇంకా వాక్యం మధ్యలో ఉంది. ఇన్విజిలేటరు కాగితం లాగితే ఆయన పెనుగులాడలేదు. వేళ్ళు వదులు చేశారు. క్రియాపదం లేని ఆ వాక్యం బల్ల మీద నుంచి గాల్లోకి లేచి వెళ్ళిపోతుంటే, చేతికంటిన సిరా ప్యాంటుకి తుడుచుకుంటూ, దాన్ని సాగనంపుతున్నట్టు చూశారు.