నాలుగో విజిల్

పక్కింటి బాయిలరాయన పోయాడని భూపాలపల్లి నుంచి ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "పొద్దుగాల చాయ్ తాగి గట్లనే ఒరిగిండు పెద్దమ్మా" అంది. ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద కుక్కర్ ఎన్నిసార్లు కూసిందో తెలియలేదు. పప్పు అడుగంటింది. ఆయన పక్కింట్లో ఉంటే అంటనిచ్చేవాడు కాదు.

జనగామలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మహబూబాబాద్ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో, వడ్లకు ఆవిరి పట్టే బాయిలర్ చూసి చూసి ముసలివాడైన మనిషి. ఊక మంటకు ముఖం కమిలిపోయింది గానీ చెవులు చెడలేదు. మీటరు కంటే చెవినే నమ్మేవాడు. మిల్లు మానేశాక ఆ చెవులకు పనిలేక నా వంటింటి మీద పెట్టాడు. పప్పుకు మూడు విజిళ్లు. నాలుగోది వచ్చిందంటే గోడ అవతలి నుంచి కేక:

"నాలుగైనయక్కా! పప్పు వండుతున్నవా, జావ గాస్తున్నవా?"

"నీ ఇంట్ల పొయ్యి జూస్కో తమ్మీ!"

ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని నేను. ఆవిరి, పీడనం అంటూ బోర్డు మీద బొమ్మలు గీసి, అర్థంకాని పిల్లల చెవులు మెలిపెట్టినదాన్ని. అలాంటి నా ఘనకార్యం వినండి. ఒకరోజు కుక్కర్ మూత మీది సేఫ్టీ వాల్వ్ ఊడి ఆవిరి చిమ్మింది. బజారుకు పోయే ఓపిక లేదు. బిర్యానీ దమ్ముకు గిన్నె అంచున పిండి అద్దుతాం కదా, అట్లాగే గోధుమపిండి ముద్ద ఆ రంధ్రంలో కూరి, మళ్లీ పొయ్యి మీదికెక్కించాను.

కాసేపటికి ఆయన తలుపైనా తట్టకుండా వచ్చి గ్యాస్ ఆపేశాడు.

"లైటర్ కొట్టిన సప్పుడు ఇన్న. గింతసేపైనా విజిల్ రాలే. ఆవిరి యాడికి వోయినట్టక్కా?"

చల్లారేదాకా నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. తర్వాత మూత విప్పి, విజిల్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూపించాడు. లోపల పప్పు పొట్టు అడ్డుపడి ఉంది.

"పెద్ద తోవ మూసుకపోతెనే గా చిన్న తోవకెల్లి వచ్చింది. నువ్వు గదిగూడ మూస్తివి. ఆవిరికి కోపముండదక్కా, తోవ గావాలె. గంతే."

కోపం నాకొచ్చింది. "నాకే పాఠం జెప్తవా?" అన్నాను. కుక్కరే నాసిరకమని వాడంతా చెప్పుకున్నాను. ఆయన పక్కనే నిలబడి, "అవునవును, గా కుక్కరే మంచిది గాదు" అని తలూపాడు. పిండి ముద్ద సంగతి ఎవరి ముందూ ఎత్తలేదు. సాయంత్రం కొత్త వాల్వ్ తెచ్చి బిగించిపోయాడు. ప్రాణం నిలబెట్టావని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. తిట్టడానికైతే ఎప్పుడూ వచ్చేది.

మోకాళ్లు మొరాయించి ఆయన భూపాలపల్లిలో బిడ్డ దగ్గరికి వెళ్లాక ఒకసారి ఫోన్ చేశాడు. "ఈడ కరెంటు కుక్కరక్కా. సప్పుడు జెయ్యకుంట ఉడుకుతది. నమ్మబుద్ధైతలేదు." ఆ రోజైనా చెబుదామనుకున్నాను. "నీ చెవులకు జర రెస్టు ఇయ్యి తమ్మీ" అని పెట్టేశాను.

అందుకని ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను. కుక్కర్ మంచిదే. తప్పు నాది. ఆ రోజు ఆయన రాకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేనుండేదాన్ని కాదు. చెప్పవలసిన మనిషి పోయాక చెప్పడం ఎంత అలసటో, చెప్పాకే తెలిసింది.

ఈ రోజూ పప్పు పెట్టాను. మూడు విజిళ్లొచ్చాయి. లేవలేదు. నాలుగోదీ రానిచ్చాను. ఆవిరి గోడ వైపు పోయి, సున్నం మీద తడిమచ్చలా అంటుకుని, కాసేపుండి, మెల్లగా ఆరిపోయింది.