మా అమ్మ పేరుతో పిలిచిన పెండ్లి

పోయిన వారం లాస్‌పేటలో ఉండే మా ఆడబిడ్డ మనమరాలు తన పెండ్లి పత్రిక ఫోనులో పంపించింది. పిల్లా పిల్లగాడూ సముద్రం పక్కన నిలబడి నవ్వుతున్న బొమ్మ, కింద మేమిద్దరం పెండ్లి చేసుకుంటున్నాం, తప్పక రండి అని ఇంగ్లీషులో ఒక్క ముక్క, అంతే అని మా కోడలు చదివి చెప్పింది. పిలిచే పెద్దలెవరా అని అడిగితే వాళ్లను వాళ్లే పిలుచుకుంటున్నారు. వెనకనే ఫోను చేసి, అవ్వా, తెలుగులో కూడా ఒకటి కొట్టిస్తాం, నువ్వే రాసియ్యి అనింది. మన ఇండ్లలో తెలుగు చదివేవాళ్లు యాడుండారే అని అడిగితే, చదవకపోయినా చూసేదానికి బాగుంటుంది అనింది.

ఆ మాటా నిజమే. మా పుదుచ్చేరి తెలుగువాళ్ల ఇండ్లలో మాట తెలుగు, రాత తమిళం. నాకైతే చిన్నప్పుడు రెండు రాతలూ రాలేదు. యాభై దాటినాక, నెల్లూరు పక్కనించి వచ్చిన మా కోడలు పలకా బలపం చేతికిచ్చి కూచోబెడితే తెలుగు అక్షరాలు దిద్దినాను. మీలో నా ఈడువాళ్లు ఉంటారు గనుక దాచకుండా చెబుతున్నాను, నా పెండ్లి పత్రికను నేను చదవలేదు, చెవులతో విన్నాను.

ఆ రోజుల్లో పత్రిక అచ్చుకు పోయే ముందర ఇంట్లో పైకి చదివే వాడుక ఉండేది. పంగాళ్లందరినీ, అంటే దాయాదులను, పిలిచి నడవలో చాపలు పరిచి, కాఫీలిచ్చి, ఇంటిపెద్ద మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదవాల. తన పేరు ఎవరి తరువాత వచ్చిందో, ఎవరికంటే ముందు వచ్చిందో ప్రతి మనిషీ చెవులు రిక్కించి వినేవాడు. ఏదన్నా అనాలంటే అక్కడే అనాల. అచ్చయినాక నోరెత్తకూడదు. ఇప్పుడు చూస్తే అదంతా పనీపాటా లేనివాళ్ల తగువుగా కనిపిస్తుందేమోగాని, ఒక పెండ్లి ఎవరి బాధ్యతో ఊరందరికీ తెలిసేది ఆ చదువులోనే.

మా వంశంలో పత్రికలన్నీ రాసింది మా పెదనాన్న. పొలం మనిషి, మాటలో పొదుపు, రాతలో ఇంకా పొదుపు. మా నాయన నేను పాలు తాగే వయసులోనే పోయినాడు. మా అమ్మ తెల్లవారకముందే లేచి పాలు పితికి, మడి గట్ల మీద తానే తిరిగి నన్ను పెంచింది. ఆమెకు పేరంటూ ఒకటి ఉండాదని ఊళ్లో ఎవరికీ గురుతు లేదు. అమ్మ అనో, వదిన అనో, నా పేరు చెప్పి దాని తల్లి అనో పిలిచేవాళ్లు. భర్త పోయిన ఆడదాని పేరు పత్రికలో వేసే ఆచారం అప్పుడు లేదు. పోయినవాడి కూతురు అని రాసి, పిలిచేవాళ్ల చోట మగ పెద్దల పేర్లు వేసి ముగించేవాళ్లు.

నా పత్రిక చదివిన పొద్దు నేను తలుపు వెనక ఉన్నాను, అమ్మ పాలచెంబు పట్టుకుని వాకిలి దగ్గర నిలబడి ఉంది. పెదనాన్న ముహూర్తం చదివినాడు, మండపం చదివినాడు, మీ రాక కోరువారు అని మా అమ్మ పేరు చదివి, దాని కింద తన పేరు చదివినాడు. కాఫీ తాగుతున్నవాళ్లు లోటాలు దించినారు.

ముందు లేచింది మా చిన్నాన్న. చెడ్డవాడు కాదు, భయస్థుడు. అమ్మకు తాళి లేదు గనుక పీటల మీద కూచుని కన్యాదానం చేయాల్సింది ఆయనా మా పిన్నీ.

"అన్నా, ఇదేంది? సంబంధం వాళ్లు చూస్తే ఏమనుకుంటారు? శుభమా అని పెండ్లి చేస్తా ఉంటే."

"మీ పెద్దొదిన పోయి ఎన్నేండ్లయిందిరా? ఊళ్లో ప్రతి పత్రికలో నా పేరు పైనేస్తా ఉండారు. పెండ్లాం లేని నా పేరుకు లేని దోషం ఆమె పేరుకు యాడనించి వచ్చె?"

"ఆ పేరుంటే నేను పీటల మీద కూచోను."

అమ్మ వాకిట్లోంచే, వద్దు బావా, నా పేరెందుకు, కొట్టేయండి అనింది. నాకైతే ఆ పేరు ఉండాలని ఉంది, పెండ్లి నిలిచిపోతుందనీ భయంగా ఉంది. పెదనాన్న కొట్టేయలేదు. అప్పుడు వంటింట్లోంచి మా పిన్ని, పొయ్యి ముందరనించి కదలకుండానే, నడవలో అందరికీ వినబడేట్టు పలికింది.

"నేను కూచుంటా బావా. నా పక్కన పీట ఖాళీగా ఉంటే ఊరోళ్లు ఏమంటారో ఆయన్నే యోచన చేసుకోమనండి."

ఎవరో నవ్వినారు, ఇంకొకరు నవ్వినారు, చిన్నాన్న కాసేపు పైకప్పు చూసి కూచున్నాడు. పత్రిక అట్లాగే అచ్చుకు పోయింది.

అయితే పెదనాన్న గొప్పతనం నాకు పూర్తిగా తెలిసింది పెండ్లినాడు. పిలిచినవాళ్లే గుమ్మంలో నిలబడి చందనం పూసి పన్నీరు చల్లి ఎదుర్కోవాలనేది మా పక్క మర్యాద. అమ్మ ఆ ఉదయం కూడా సరుకుల గదిలో కొబ్బరికాయల మధ్య దాక్కుని ఉంది. మగపిల్లవాడి పెద్దత్త మండపం గుమ్మంలో నిలిచి, మమ్మల్ని పిలిచినామె యాడ అని పేరు పెట్టి అడిగింది. ఆ పేరు గలామె ఎవరో వంటవాళ్లకు తెలీదు, నీళ్లు మోసేవాళ్లకు తెలీదు. పెదనాన్నకు తెలుసు. ఆయన గది ముందరికి పోయి, లెయ్యమ్మా, నిన్ను అడగతా ఉండారు అని మాత్రం అన్నాడు. అమ్మ చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ పెద్దామె చేతికి చందనం పూసింది. ఆమె అమ్మ చేతిని వదలకుండానే లోపలికి నడిచింది. పీటల మీద చిన్నాన్న అది చూసి జరిగి కూచుని, వదినా ఇట్లా ముందరికి రా, పిల్లకు కనబడాల గదా అన్నాడు.

ఇప్పుడు తల్లి పేరు వేసుకోవాలంటే ఎవరినీ అడగనక్కరలేదు, అది మంచిదే, నేను కాదనను. ఒకరి పేరు కోసం పదిమంది ముందర తమ్ముడిని ఎదిరించే పని కూడా ఇక ఏ పెదనాన్నకూ లేదు. మొన్న ఇందిరా నగర్‌లో ఒక పెండ్లికి పోతే గుమ్మంలో ఒకే రంగు చీరలు కట్టుకున్న పిల్లలు కూలికి వచ్చి నిలబడి పన్నీరు చల్లుతున్నారు. ఎండలో నిలబడి అలసిపోయినా నవ్వుతూనే చల్లినారు. వాళ్లకు నా పేరు తెలీదు, నన్ను పిలిచినవాళ్ల పేరూ తెలీదు.