మా అవ్వకు

ఆ స్పానిష్ రచయిత్రి కవిగా మొదలై నవలల్లో స్థిరపడింది. మొదటి కవితల పుస్తకం తల్లి చనిపోయిన ఏడాది రాసింది. అందులో కన్నీళ్లుండవు. తల్లి ఏ చలిరాత్రి తలుపేసి బయట నిలబెట్టిందో, ఏ మాటతో గుండె కోసిందో అవే ఉంటాయి. ఆ తర్వాత ఆమె ఏ నవల తీసినా ఒక తల్లి చస్తూనే ఉంటుంది. తల్లిని అమ్ముకుని బతుకుతోందని వాళ్ల దేశపు విమర్శకులు అంటే, అమ్మడానికి ఇంకా మిగిలే ఉందని జవాబిచ్చింది. ఆ నోరు చూసే నేను ఆమెను ఇష్టపడ్డాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో స్పానిష్ చెబుతూ, క్లాసుల మధ్య ఆ కవితలను తెలుగు చేశాను. తల్లి వచ్చిన ప్రతిచోటా 'అవ్వ' అని రాశాను. మా ఊళ్లో తల్లిని అలాగే పిలుస్తాం. అంత కటువైన కవిత్వంలో 'అమ్మ' అని రాస్తే నాకు సినిమా పాటలా వినిపించింది.

మా అవ్వ అప్పటికే దవాఖానలో ఉంది. కిడ్నీలు పోయాయి. నాకు పాలు మాన్పగానే మా అమ్మమ్మ నన్ను తనతో తీసుకుపోయింది, పిల్లను సాకడం నీకు చేతకాదని అవ్వ మొహం మీదే చెప్పి. నేను పెద్దపిల్లనయ్యాక గానీ తిరిగి పంపలేదు. అవ్వకు ఆ మంట ఎన్నడూ చల్లారలేదు. పుస్తకం నీకే అంకితం అంటే ఒక్కటే అడిగింది.

"నా పేరొద్దు బిడ్డా. అవ్వ అని రాయి, సాలు."

పుస్తకం వేసినాయన ఎల్‌బీ నగర్‌లో ఉండే కోస్తా పెద్దమనిషి, రిటైరైన తెలుగు లెక్చరర్. ఎవరి భాషనైనా సరిదిద్దందే అన్నం సహించదు. ప్రతులు వార్డుకే వచ్చాయి. కట్ట విప్పి, నేను తెరిచి చూడకుండానే మొదటిది అవ్వ చేతిలో పెట్టాను. ఆమె బైబిల్ చదివినట్టే అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంది. 'మా అమ్మమ్మకు.'

అవ్వ అంటే ఆయన వైపు ముసలమ్మ, అమ్మమ్మ. నాతో ఒక్క మాట చెప్పకుండా పుస్తకంలోని అవ్వలందరినీ అమ్మమ్మల్ని చేసేశాడు. ఆ స్పానిష్ ఆమె జన్మంతా అమ్మమ్మ మీద కక్షతోనే రాసిందని ముందుమాట కూడా తగిలించాడు.

"నా బిడ్డను గుంజుకపాయె," అంది అవ్వ. "పుస్తకం గూడ గుంజుకున్నదా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. చదువుకున్నోళ్లు అంత తప్పు రాయరని, నా మనసులో ఉన్నదే అచ్చయిందని గోడవైపు తిరిగింది. పుస్తకాన్ని మంచం కింద బెడ్‌పాన్ పక్కన పెట్టమంది. పెట్టాను. ఆ వారంలోనే పోయింది.

ఆయన్ని కడిగేద్దామనే ఫోన్ చేశాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట రాలేదు.

"మా అవ్వ పోయింది సార్."

"అయ్యో. పెద్దావిడ, నిండు వయసు. నువ్వేం బెంగపడకు," అన్నాడాయన. "మీ అమ్మగారిని జాగ్రత్తగా చూసుకో తల్లీ."

ఎదురుగా అవ్వ శవపెట్టె మూత ఇంకా వేయలేదు. చూస్తూనే ఉన్నాను సార్ అని ఫోన్ పెట్టేశాను.