మామ ముడి వేసిన పైపు

ముందుగా అరేబియా సముద్రానికి, అందులోని సమస్త జలచరాలకు, భివండిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ప్రతి ఒక్కరికి, స్మృతి వ్యాసమంటే పాఠకుడి రుమాలు తడవాల్సిందేనని నమ్మే పెద్దలందరికి చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇందులో గొప్ప మనిషి ఎవరూ లేరు. సంఘసేవ లేదు, సన్మానం లేదు, శాలువా అసలే లేదు. మా మేనమామ మొన్న వానలు మొదలైనప్పుడు దవాఖానలో, పొద్దున టీ బండి వచ్చే వేళకు, ఊపిరి అందక పోయాడు. అప్పుడు నేను వార్డు బయట రెండు టీలు పట్టుకొని నిలబడి ఉన్నాను. డాక్టరు వద్దన్నా దొంగతనంగా ఆయనకు ఒకటి తాగించేవాణ్ణి. ఆ రోజు రెండూ నేనే తాగాను. పారబోస్తే మామ తిడతాడనిపించింది.

మామ పని బీములు అతకడం. సాంచె మీద నూలు బీము అయిపోవస్తే కొత్త బీము తెచ్చి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటిగా ముడి వేసుకుంటూ పోవాలి. వేల పోగులు. పెళ్లికి ముందు ఊరి నుంచి వచ్చినవాడు జుట్టు తెల్లబడే దాకా అదే పని చేశాడు. ఆ తెలుపు వయసుదో, తల మీద పడ్డ పత్తి నూగుదో మాకు చాలా కాలం తెలియలేదు. తలస్నానం చేస్తే కొంత నల్లబడేవాడు. తల మీది నూగు కడిగితే పోయేది. లోపలికి పోయినదాన్ని కడిగే సబ్బు దొరకలేదు.

దగ్గు ముదిరి పని మానేశాక టెంఘర్‌లోని తన గదిలో కూర్చున్నాడు. గదికీ సాంచెల షెడ్డుకీ ఒకటే గోడ. పగలంతా ఆ గోడ వణుకుతూనే ఉంటుంది. ఫోనులో సముద్రపు చేపల వీడియోలు చూడటం అప్పుడే పట్టుకుంది. నేను బీకాం చదివి మాన్కోలి గోదాములో పార్సిళ్ల మీద చీటీలు అతికిస్తున్నాను. మామ పోగులు అతికాడు, నేను చీటీలు అతుకుతున్నాను, వంశంలో అతుకుడు తప్పలేదు. అక్కడ అంచు పగిలి వాపసొచ్చిన ఒక గాజు తొట్టి ఉంటే, ఇన్‌ఛార్జిని అడిగి ఇంటికి మోసుకొచ్చాను.

“బంగారు చేపలు వేద్దాం మామా, సుఖంగా బతుకుతయి.”

“అవి బడిపిల్లలు పెంచుతరు. నాకు ఉప్పునీళ్ల చేప గావాలె. ఇంత దగ్గర సముద్రం పెట్టుకొని మోకాలు దాక దిగింది లేదురా నేను.”

ఉప్పునీళ్ల తొట్టి సంగతి తెలియనివారికి ఒక మాట. నీళ్లు పోసి, ఉప్పు కలిపి, రాళ్లు పేర్చినంత మాత్రాన అది చేపలకు ఇల్లు కాదు. చేప విసర్జించే విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఆ రాళ్ల మీద పుట్టి పెరగాలి. దానికి వారాలు పడుతుంది. అందాకా ఖాళీ తొట్టికి కాపలా కాయాలి. మా వరుస గదుల చాలు మొత్తం వచ్చి చూసిపోయింది.

“ఏందన్నా, చేపలేయి?” అని పక్క గదాయన అడిగాడు.

“నీళ్లు పండుతున్నయి.”

“పండినంక ఎవలు తింటరు?”

“నిన్నే పిలుస్త, ఆకు వట్టుకొని రా.”

నీళ్లు పండనేలేదు. అంతలో ఊరి నుంచి చుట్టాలు దిగారు. ఖాళీ తొట్టి చూపించడం మామకు నామోషీ అయింది. కల్యాణ్ దుకాణానికి పోయి రెండు చేపలు తెచ్చి, సంచిని కాసేపు తొట్టిలో తేలేసి అలవాటు చెయ్యకుండానే, నీళ్లతో సహా దబ్బున పోసేశాడు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. మర్నాడు చుట్టాల కంటే ముందే చేపలు వెళ్లిపోయాయి. ఒకటి రాయి కింద ఒరిగింది. రెండోది పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ చాలాసేపు అవస్థ పడింది. మామ స్టూలు వేసుకొని చివరి దాకా దాన్నే చూశాడు. ఆయన ఛాతీ కూడా అట్లాగే ఎగిరెగిరి పడుతోంది.

“కొత్త నీళ్లు పడలేదురా అల్లుడా,” అన్నాడు చివరికి. “నాగ్గూడ భివండి నీళ్లు ఏడాది దాక పడలే. తొందర వెట్టి సంపిన.”

పొయ్యి దగ్గర నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది. “నన్నెవలు నీళ్లల్ల తేలియ్యలే. పెండ్లయి బస్సు దిగంగనే మీ మెస్సు మందికి రొట్టెలు చెయ్యిమని పొయ్యి కాడ కూసోవెట్టినవ్. నాకు పడ్డయా, పడలేదా అని అడిగినవా ఒక్కనాడన్న?”

మాటకు మాట అనకపోతే అన్నం అరగని మనిషి మా మామ. ఆ మాటకు మాత్రం స్టూలు మీది నుంచి లేచాడు. తొట్టి మీది గుడ్డ తడిపి తెచ్చి మళ్లీ కప్పాడు.

ఆ గుడ్డ కథ కూడా చెప్పాలి. షెడ్డు నుంచి వచ్చే నూగు నీళ్ల మీద మీగడలా పేరుకునేది. అట్లా పేరుకుంటే కింద చేపకు గాలి ఆడదు. అందుకని తొట్టి చుట్టూ పల్చటి తడిబట్ట కట్టేవాడు, రోజూ ఉతికేవాడు. పిండితే నీళ్లు తెల్లగా దిగేవి.

“దాంట్ల సగం చింపి నీ ముక్కుకు కట్టుకుంటే ఏం బోతది?” అని అత్తమ్మ రోజూ అనేది.

“లోపల జమైన నూగు బయటికి రావాలె గదనే. మూత వెడితే ఎట్ల వస్తది?”

మేం నవ్వేవాళ్లం. నవ్వు మధ్యలో ఆయనకు దగ్గు వచ్చేది. దగ్గు తెగాక ఎవరం నవ్వేవాళ్లం కాదు.

రెండోసారి నీళ్లు నిజంగానే పండనిచ్చాడు. ఒకే ఒక్క చేపను తెచ్చాడు, నారింజ రంగు, తెల్ల చారలు. ముందు దాని సంచిని మూతి విప్పకుండా తొట్టిలో తేలేసి చలీ వేడీ సమం కానిచ్చాడు. తర్వాత చేపను దుకాణం నీళ్లతోనే బకెట్లోకి దించి, తొట్టి నుంచి సన్నటి పైపు పెట్టి, అందులోకి మన నీళ్లు బొట్టుబొట్టుగా వదిలాడు. బొట్లు నెమ్మదిగా పడటానికి పైపుకే ముడి వేశాడు. ఇన్నేళ్లు ముళ్లు వేసిన వేళ్లు కదా, మరీ బిగించలేదు, మరీ వదల్లేదు. ఆ తర్వాత వలతో చేపను మాత్రమే తీసి, కొన్ని వారాలు వేరే టబ్బులో ఉంచాడు. రోగమేమైనా ఉంటే అక్కడే బయటపడాలట. ఆ వేరుంచడం అయ్యాకే తొట్టిలోకి.

పైపులో నీళ్లు కదలాలంటే మాత్రం ఎవరో ఒకరు కింది కొసను నోట పెట్టుకొని గట్టిగా ఒకసారి గుంజాలి. మామ గుంజబోయి దగ్గుతో గోడకు ఒరిగిపోయాడు. అప్పటి నుంచి, నీళ్లు మార్చిన ప్రతిసారీ, ఆ పని నాది. ఉప్పునీళ్లు నోట్లోకి రాగానే థూ అని ఉమ్మేవాణ్ణి.

“సముద్రం ఎట్లుందిరా?” అని అడిగేవాడు మామ.

“నీకు బిడ్డ ఉంటే ఆమెను చేసుకున్నా గింత ఉప్పు తాగకపోదును మామా.”

“బీకాం సదివి గీ ఒక్కదానికి పనికొచ్చినవ్, సాలు తీయ్.”

ఆ చేప బతికింది. మొదట్లో అత్తమ్మ దాన్ని “నా సవితి” అనేది. తర్వాత్తర్వాత పొద్దున్నే గుడ్డ ఎత్తి చూసేది మామ కాదు, ఆమే. ఒకరోజు మామ ముందే అన్నది: “దీనికి తోడు తెచ్చియ్యరాదు? కొత్త జాగల ఒక్కతే ఉంటే ఎట్లుంటదో నాకెరుకే.”

ఇన్నేళ్ల కాపురంలో అత్తమ్మ నోరు తెరిచి మామను ఇది కావాలని అడిగింది అదొక్కటే అనుకుంటా. మామ ఆ రోజే కల్యాణ్ దుకాణానికి ఫోను చేశాడు. దానికి జోడైన చేప దొరకాలి, చిన్నదై ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి. దొరకగానే పంపుతామన్నారు. చేప దొరికేలోపు మామను దవాఖానలో చేర్చాల్సి వచ్చింది.

ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకొని కూడా నన్ను దగ్గరికి పిలిచాడు. “అల్లుడా, నాగ్గూడ పైపు వెట్టిండ్రురా. ముడి మాత్రం సరిగ్గ ఎయ్యలే.” నవ్వడానికి ఊపిరి చాలక కళ్లతో నవ్వాడు. కొంచెం తెరిపి అయ్యాక మళ్లీ అన్నాడు: “ముడేసిన పైపు మేకుకు తలిగేసొచ్చిన. ఆ చేప వస్తే తొందర వెట్టకు. మీ అత్తమ్మ అడిగిందది.”

అది వచ్చింది. మామను ఇంటికి తెచ్చి గది వాకిలి ముందు గ్యాలరీలో పడుకోబెట్టిన పొద్దునే, ఆటోవాలా సంచి పట్టుకొని జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. “అంకుల్ కా పార్సల్ హై, అంకుల్ కిధర్?” అంటూ మామ ఎక్కడని అడిగాడు. అంతలో తనే చూశాడు. చెప్పులు విడిచి, సంచి నా చేతిలో పెట్టి నిలబడిపోయాడు. లోపల వేలి గోరంత చేప గుండ్రంగా తిరుగుతోంది.

“మైల ఇల్లు,” అన్నాడు మా కులపెద్ద. “దినాలు గాకముందు కొత్త జీవం గడప తొక్కద్దు. వాపస్ పంపు.”

తొక్కడానికి దానికి కాళ్లెక్కడివని నోటి దాకా వచ్చింది. అంతలో అత్తమ్మ అందుకుంది.

“అది గడప దాటదు. గ్యాలరీల ఉంటది. దినాల కంటె ఎక్కువ దినాలు అది బయట్నే ఉండాలని ఆయనే చెప్పిండు. మీరు వెట్టిన మైల కంటె ఆయన వెట్టిందే పెద్దది.”

పెద్దాయన పక్కకు జరిగాడు. గదిలో అరుగు మీదున్న తొట్టి నుంచి పైపు వేసి, గడప మీదుగా గ్యాలరీలోని బకెట్లోకి కొస దించాం. గడప దాటింది నీళ్లు మాత్రమే, అదీ లోపలి నుంచి బయటికి. దోషమేమీ లేదని పెద్దాయన కూడా ఒప్పుకున్నాడు.

అప్పుడే, మనిషి పోయాడని పక్క షెడ్డువాళ్లు సాంచెలు ఆపారు. వణికే గోడ నిలిచిపోయింది. తొట్టిలో నీళ్లు మొదటిసారి అద్దంలా నిలబడ్డాయి. పుట్టెడు మోతలో నిశ్చింతగా ఈదే మన నారింజ చేప ఆ నిశ్శబ్దానికి బెదిరి రాయి చాటుకు దూరింది. మేం మామను ఎత్తుకొని బయల్దేరాం. చాలు మెట్ల దగ్గర వరుసగా నిలబడ్డ మగవాళ్లలో ఒకరు దగ్గితే పక్కవాడు అందుకున్నాడు, అక్కడి నుంచి వరుస చివరి దాకా దగ్గే నడిచింది. అందరి తలలూ తెల్లగానే ఉన్నాయి. వయసులు మాత్రం వేరు.

స్నానాలు చేసి తిరిగొచ్చేసరికి అత్తమ్మ గ్యాలరీలో టబ్బు పక్కన గోడకు ఆనుకొని ఉంది. బకెట్ ఖాళీగా ఉంది. వల తడిగా ఉంది. టబ్బు మీద మామ ఉతికిన గుడ్డ కప్పి ఉంది.

“చేపను నువ్వే టబ్బుల వేసినవా అత్తమ్మా?”

“తొందర వెట్టలేదురా,” అన్నది. “వచ్చినోళ్లు ఇంకెంతసేపని నన్ను లోపలికి రమ్మన్నరు. ఎవ్వర్నీ తొందర వెట్టనియ్యలే.”

వారాలు గడిచాయి. నిన్న పాతదానికి ముందు కడుపు నిండా మేత వేసి, దీపం ఆర్పి, కొత్తదాన్ని తొట్టిలో వదిలాం. పాతది దాన్ని తరుముతోంది. తోక కొస కొంచెం చిరిగింది. కొత్తది పంపు వెనక నక్కి, గబగబా గాలి పీలుస్తోంది. బతుకుతుందో లేదో తెలియదు. అత్తమ్మ స్టూలు వేసుకొని దాని ముందే కూర్చుంది.

ఇంత దూరం వచ్చాక ఒక్కటి ఒప్పుకోవాలి. దించాం, వదిలాం అని రాశానే, అందులో నా వాటా పెద్దగా ఏమీ లేదు. ముడి మామ వేసి పోయినది. కాపలా అత్తమ్మది. మామ పోయిన పొద్దు నేను చేసింది ఒక్కటే. మామ తల దగ్గర మోకాళ్ల మీద వంగి, పైపు కొస నోట పెట్టుకొని, ఒక్క ఊపిరి గుంజాను. నోటి నిండా ఉప్పునీళ్లు వచ్చాయి. ఎట్లుందని అడుగుతాడేమోనని ఒక్క క్షణం ఆగాను. తర్వాత ఉమ్మకుండా మింగేశాను. ముడి కింద మొదటి బొట్టు ఉబ్బి, కాసేపు వేలాడి, బకెట్లో పడింది.