ఒకే కంప్యూటర్, ఇద్దరు తోడికోడళ్లు

టైపింగ్ షాపు నడిపే పెద్దకోడలు తన కంప్యూటర్‌ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటిది, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న చిన్నకోడలు బతిమాలితే, అందులో విండోస్ పక్కనే లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెట్టుకోనిచ్చింది. తీరా ఆన్ చేస్తే లినక్స్ ఒక్కటే వచ్చింది.

“కొంప ముంచావే! నా ఫైళ్లన్నీ పోయాయా?”

“ఎక్కడికీ పోలేదక్కా. ఏది తెరవాలో అడిగే బూట్‌లోడర్‌కి విండోస్ ఉందని ఇంకా తెలియదు, అంతే.”

చిన్నకోడలు సెట్టింగు మార్చి, మళ్లీ ఆన్ చేసింది. ఈసారి తెర మీద రెండు పేర్లూ కనిపించాయి. పెద్దకోడలు విండోస్ తెరిచి, ఫైళ్లన్నీ చూసుకున్నాక గానీ తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు.

“సరే, ఇప్పుడు నీది తెరువు. అదేంటో నేనూ నేర్చుకుంటా” అంటూ ఇంకో కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.