పాలికిచ్చిన బర్రె

ఊళ్ళో ఎవరైనా బర్రెను అమ్మారని తెలిస్తే చాలు, ఇక ఆ ఇంటివాళ్ళు వెళ్ళిపోతారని మా అత్త తేల్చేసేది. చాలాసార్లు అలాగే జరిగింది. ముందు బర్రె సంతకు పోయేది. తర్వాత చొప్పవామి ఎవరికో పోయేది. ఆ తర్వాత ఒక పొద్దున బస్సు స్టేజీ దగ్గర మూటలు, ప్లాస్టిక్ బిందెలు, గ్యాస్ పొయ్యి కనిపించేవి. కొందరు బెంగళూరుకు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి వెళ్ళారు, కొందరు హైదరాబాదులో అపార్టుమెంట్లకు కాపలా ఉండడానికి వెళ్ళారు. మొదట్లో ఎవరైనా వెళితే స్టేజీ దాకా పోయి సాగనంపేవాళ్ళం. తర్వాత్తర్వాత అరుగు మీద నుంచే చూసేవాళ్ళం.

"పొద్దున, మాపున పాలు పిండాల్సిన మనిషి యాడికి పోతాడు? పెండ్లికి పోయినా పొద్దుగూకేయాళకు ఇంటికి రావాల్సిందే" అనేది అత్త. మనిషిని ఊళ్ళో నిలబెట్టేది పొలం కాదని, కట్టుగుంజ అని ఆమె నమ్మకం. అది పూర్తిగా తప్పని నేను ఇప్పటికీ అనలేను.

మా ఊరు బేస్తవారిపేట రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. జిల్లాలను మళ్ళీ గీసినప్పుడు ఏవో ఊళ్ళు అటు పోయాయి, ఏవో ఇటు వచ్చాయి. మేము ప్రకాశంలోనే ఉండిపోయాం. వానకు కంది, సజ్జ వేస్తాం. బోర్లలో నీళ్ళున్న కాలంలో మిరప కూడా వేశాం. బోర్లు ఎండిపోయాక రోజూ చేతికొచ్చేది పాలు ఒక్కటే. పాల కేంద్రం మా అరుగు మీదే ఉండేది. నేనే కొలిచేదాన్ని. రెండు పూటలా వ్యాను వచ్చి క్యాన్లు ఎత్తుకుపోయేది.

మా ఆయన పెద్దకొడుకు. మరిది కుటుంబం వేరుపడి, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. వాళ్ళకు ఒక్కతే కూతురు. నా తోడికోడలిది దొనకొండ పక్కన, రైలుకట్ట దగ్గరి ఊరు. రైలు కూత వినకుండా నిద్ర పట్టడానికి తనకు ఏడాది పట్టిందని చెప్పేది. మనిషి మంచిది. పనికి వెనకాడేది కాదు. వెళ్ళిపోదామన్న మాట ఆ ఇంట్లో మొదట అన్నది మాత్రం ఆమే.

వానలు లేవనో, అప్పులనో అనలేదు. అవి అందరికీ ఉన్నవే. "ఆడుకోను ఒక్క పిల్ల లేదక్కా" అంది. నిజమే. ఆ వీధిలో ఆ వయసు పిల్లలున్న ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తాళం పడ్డాయి. ఆ పిల్ల మా వాకిట్లో గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేది. తన వంతు ఆడి, పక్కకు జరిగి, "ఇప్పుడు నీ వంతు" అని ఎవరికో చెప్పి, ఆ వంతూ తనే ఆడేది. ఎదుటి మనిషి గెలిచిన రోజు మొహం ముడుచుకుని ఇంటికి పోయేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత నేను చూడడం మానేశాను.

ఆ మాట అత్త చెవిన పడింది. వారం తిరక్కుండానే ఆమె మా చూడి బర్రెను కడిగి, నొసట పసుపు రాసి, పలుపు పట్టుకుని మరిది ఇంటికి తోలుకుపోయింది. పాలికిచ్చింది. అంటే బర్రె మనది, మేత వాళ్ళది. పాలు వాళ్ళు తీసుకుంటారు, పుట్టే దూడలు చెరిసగం. బయటివాళ్ళకు ఇస్తారు గానీ కన్నకొడుక్కి పాలికివ్వడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఊరికే ఇస్తే అమ్ముకుని పోతారని అత్త భయం. సగం తనది అయితే అమ్మలేరు.

"రెండు గొడ్లను చూసుకోను నాకు చేత కావడంల్యా, మోకాళ్ళు పట్టేసినాయి" అని వాళ్ళతో చెప్పింది. ఆ రెండు గొడ్లనూ చూసుకునేది నేనని అందరికీ తెలుసు. నేను పేడ గంప ఎత్తుకుని నా పనికి పోయాను.

నాకు ఆ రోజు లోలోపల సంతోషమే. గిద్దలూరులో ఒక బడికి వచ్చే జూన్ నుంచి బస్సు డ్రైవరు కావాలన్నారు. మా ఆయనకు లైసెన్సు ఉంది. తమ్ముడు ఊళ్ళో నిలబడితే, అమ్మ దగ్గర ఒకడు ఉన్నట్టవుతుంది, భూమి వాడికి కౌలుకిచ్చి మనం పోదామని ఆయనే అన్నాడు. మేమిద్దరం పోయి గది కూడా చూసొచ్చాం. వంటింట్లో కుళాయి ఉంది. ఇంటామె చూడకుండా తిప్పి చూశాను. నీళ్ళొచ్చాయి. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కాపలా కాసే మనిషికి అది చిన్న విషయం కాదు. ఆ బర్రె వాళ్ళ గుంజకు నిలిస్తే, నేను ఆ కుళాయి దగ్గరికి పోవచ్చు. ఈ సంగతి అత్తకు చెప్పలేదు. మీరు కూడా పోతారా అని ఆమె మమ్మల్ని ఎన్నడూ అడగలేదు.

కొంతకాలం బాగానే నడిచింది. బర్రె ఈనింది, పెయ్యదూడ. తోడికోడలు దాన్ని పిల్లను చూసినట్టు చూసేది. పితికేటప్పుడు ఎప్పుడూ ఒకే చీర కట్టేది, ముదురాకుపచ్చది, అంచు పోగులు లేచిపోయినది. ఆ చీర, ఆ గొంతు తప్ప బర్రెకు ఇంకేవీ పనికిరాకుండా పోయాయి. మరిది దగ్గరికి పోతే కాలు విసిరేది. పిల్ల కూడా తొక్కుడుబిళ్ళ మాని దూడతో ఆడేది. దూడ వంతు కూడా తనే ఆడేదనుకోండి, అయినా మేలే. అత్త సాయంత్రం ఆ వాకిలి ముందు నుంచి పనిలేకపోయినా ఒకసారి నడిచి వచ్చేది.

ఆ ఎండాకాలం మేత దొరకలేదు. ఇంకా నాలుగైదు ఇళ్ళవాళ్ళు బర్రెల్ని సంతకు తోలేశారు. ఒక రోజు వ్యాను డ్రైవరు క్యాను ఎత్తి చూసి, "క్యాను నిండకపోతే ఇంత లోపలికి బండి పంపరంటమ్మా. ఇంక రోడ్డు మీదికే తెచ్చి పోయాల్సి వస్తాది" అన్నాడు. అత్త స్తంభానికి ఆనుకుని వింటోంది. రోడ్డు దాకా పాలు మోసేవాళ్ళు మా ఊళ్ళో మిగల్లేదు. బండి ఆగితే పాలు ఆగుతాయి, పాలు ఆగితే చిన్నోడు ఆగడు. ఆమె మొహం మీద ఇదంతా కనబడింది. నా మొహం మీద కూడా కనబడి ఉంటుంది, చూసినవాళ్ళు లేరు.

మరుసటి వారం నుంచి మా ఇంటి పాలు పెరిగాయి.

మా దొడ్లో ఉన్నది ముసలి బర్రె. వట్టిపోయే దశలో ఉంది. దాన్ని అత్త తనే పితుకుతానని చెంబు నా చేతిలోంచి లాక్కుంది. పొద్దున్నే బకెట్ నిండా పాలు తెచ్చి నా ముందు పెట్టేది. "వేరుశనగ చెక్క పెట్టినాలే, ఇస్తాంది" అనేది. క్యాను నిండేది. డ్రైవరు మాట్లాడకుండా ఎత్తుకుపోయేవాడు. ముసలి బర్రెకు ఇంత గుణం ఎట్లా వచ్చిందని మా ఆయన ఆశ్చర్యపోయాడు. ఆయన అమాయకుడు.

ఒక పొద్దున క్యాను మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. అప్పుడే పితికిన పాలు అందరివీ కలిస్తే క్యాను గోరువెచ్చగా ఉంటుంది. ఇన్నేళ్ళు పట్టుకున్న చేతికి అది తెలుస్తుంది. నీళ్ళ పొయ్యిలోంచి ప్లాస్టిక్ కాలిన కంపు వారం రోజులుగా ఎందుకొస్తుందో కూడా అప్పుడే తెలిసింది. స్టేజీ దగ్గరి దుకాణంలో పాల పాకెట్లు ఉంటాయి. పట్నం నుంచి వ్యానులోనే వస్తాయి. అత్త పింఛను పైకంతో అవి కొని, కొంగులో దాచి తెచ్చి, కొడవలితో మూల కోసి బకెట్లో పోస్తోంది. మా ఊరు పట్నం పాలు కొని మళ్ళీ పట్నానికే పంపుతోంది.

అత్తను అడగలేదు. ఆమెను సిగ్గుపెట్టడానికి నాకు మనసు రాలేదు. అదొక్కటే కారణమని చెప్పను. క్యాను నిండడం నాకు కూడా అవసరమే. రెండు వారాలు ఆ చల్లటి పాలు కొలిచి పోశాను. తప్పు చేస్తున్నాననీ అనిపించలేదు, మంచి చేస్తున్నాననీ అనిపించలేదు. చెయ్యి కొలిచేది, పోసేది.

తోడికోడలు కనిపెట్టేసింది. పాలు పోయడానికి వచ్చి, క్యాను పట్టుకుని, చెయ్యి తీయకుండా కాసేపు అట్లనే నిలబడింది.

"అత్తేనా?" అని అడిగింది.

"ఆఁ" అన్నాను.

"మా కోసమేనా?"

నేను కొలపాత్ర తుడుచుకుంటూ ఉండిపోయాను. ఆమె అరుగు మీద కూర్చుంది. కోపం లేదు, ఏడుపు లేదు. "ఊళ్ళోకి పాలు బయటి నుంచి తెచ్చి పోస్తాంటే, ఇంక మనం ఈడ ఏం చేస్తన్నామక్కా" అంది. మా అత్త మీద జాలితోనే అంది. ఆ మాట అనేసిన తర్వాత వాళ్ళు ఉండరని నాకు తెలిసింది. బండి ఆగితే పోతారని అత్త భయపడింది. బండి ఆగకుండా చేసిన పనే వాళ్ళను పంపింది.

హైదరాబాదులో ఒక అపార్టుమెంటు కింద గది ఇస్తామన్నారట. మరిదికి కాపలా, ఆమెకు రెండు ఇళ్ళలో పని. పక్క గదుల్లో పిల్లలు ఉన్నారని ఆమె ముందే విచారించుకుంది. వెళ్ళే ముందు రోజు బర్రెను, దూడను తోలుకొచ్చి మా గుంజకు కట్టింది. అత్త లోపలే కూర్చుంది, బయటికి రాలేదు. తోడికోడలు మడత పెట్టిన చీర నా చేతికిచ్చింది. ముదురాకుపచ్చది. ఉతకలేదు.

"ఉతకొద్దక్కా. ఇది కట్టుకుంటేనే చేపుతాది, పాలు దిగుతాయి" అంది.

పొద్దున వాళ్ళు బస్సెక్కుతుంటే పిల్ల కిటికీలోంచి దూడ ఎట్లుంటుందని అడిగింది, మా సంగతి అడగలేదు. మేము స్టేజీ దాకా పోయాం. అత్త రాలేదు. ఇంటికొచ్చి చూస్తే ఆమె గాబులో నీళ్ళు నింపుతోంది. ఆ వారమే గిద్దలూరు వాళ్ళకు మా ఆయన ఫోన్ చేసి రాలేనని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. వేరే డ్రైవరు దొరికాడని వాళ్ళు చెప్పారు.

నేను మొదట నా చీరతోనే కూర్చున్నాను. ఆమె చీర కట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. బర్రె పొదుగు బిగబట్టింది. దూడను వదిలినా చేపలేదు. తవుడు పెట్టాను, వీపు రాశాను, మంచిమాటలు చెప్పాను. నా గొంతు వినగానే ఇంకా బిగిసి, ఒకసారి చెంబును తన్నింది. రెండు రోజులు అట్లా గడిచేసరికి పొదుగు రాయిలా గట్టిపడింది. ఇంక తప్పదని మూడో పొద్దున తలుపు చాటున ఆ చీర కట్టుకున్నాను. ఆమె చెమట, తవుడు, పేడ, అన్నీ కలిసిన వాసన వేసింది. కొంగు ఆమెలాగే నెత్తి మీదికి లాక్కుని, నోరు మెదపకుండా పోయి కూర్చున్నాను.

బర్రె తల తిప్పి, చీరకు ముక్కు ఆనించి మూచూసింది. కాసేపటికి చేపింది. చెంబులో పాలు వెచ్చగా పడుతున్నాయి.

వెనక తలుపు చప్పుడైంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అత్తకు చూపు అంతంతమాత్రం. ఆమె గడపలో ఆగిపోయింది.

"వచ్చినావా తల్లీ" అంది.

అత్త గొంతులో అంత మెత్తదనం నేను ఎన్నడూ వినలేదు.

"నువ్వు ఉండలేవని నాకు తెలుసులే" అంది. "పిల్ల యాడ? పండుకున్నాదా?"

ఈ ఇంటికొచ్చి నాకు పదహారేళ్ళు. ఉండమని నన్ను ఎవరూ అడగలేదు. పోతామన్న వాళ్ళనే అడుగుతారు. పోతామని నేను ఒక్కసారి నోరు తెరిచి ఉంటే ఆ బర్రె నా గుంజకు పసుపుతో వచ్చేదేమో. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఏదో రావాలి, రాలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

అత్త జవాబు కోసం అట్లాగే నిలబడి ఉంది. నేను పలకలేదు. పలికితే నా గొంతు గుర్తుపట్టి బర్రె చేపు ఆపేస్తుంది. చెంబు నిండేదాకా తల వంచుకుని పితుకుతూనే ఉన్నాను.