అందరికీ అందిందా?

నా చిన్నప్పుడు మేము సికింద్రాబాదులో, బోయిగూడ సందుల్లో ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. అప్పట్లో ఊరంతా కంప్యూటర్ల పిచ్చి. మా సందు మొదట్లో ఉన్న గోడ నిండా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే. ఏ ఇంట్లో చూసినా ఒకరు ఆ కోర్సు నేర్చుకుంటూనో, నేర్చుకోనందుకు తిట్లు తింటూనో ఉండేవారు. మాకూ ఆ కంప్యూటర్లకూ ఉన్న సంబంధమల్లా మా బాబాయే. సైనిక్‌పురిలో, పద్మారావు నగర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను ఎక్కించుకుని హైటెక్ సిటీలో దించి వచ్చే కంపెనీ బండి నడిపేవాడు. "మా తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నడు" అని మా నాన్న అందరికీ చెప్పి నవ్వేవాడు.

బాబాయి ఇంట్లో ఉంటే ఇల్లు సందడిగా ఉండేది. ఆయన అన్నం తింటూ పాడతాడు, పాడుతూ చెప్పులు తుడుస్తాడు, నా జడ పట్టుకుని హారన్ కొడతాడు. తమ్ముళ్ళు లేని మా అమ్మ ఆయన్ని మరిది అనేదే కాదు. "తమ్మీ" అని నోరారా పిలిచేది. బజార్లో వేడి వేడి మిర్చి బజ్జీలు కనిపిస్తే ఆయన ముందు వదినకే పొట్లం కట్టించేవాడు.

ఆయనకున్న ఒక్క దుర్గుణం తాగుడు. ఒకనాడు స్నేహితుడి ఇంట్లో విందుకు వెళ్ళి, తాగి, నాన్నను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద వస్తూ, ఫ్లైఓవర్ కోసం తవ్విన గోతి పక్కన బండి జారవిడిచాడు. బాబాయికి మోచేయి గీసుకుపోయింది, అంతే. నాన్న కాలు మాత్రం నుజ్జయింది. ఎన్నో నెలల తర్వాత లేచి నిలబడ్డాడు గానీ, ఆ కాలు మళ్ళీ సరిగా పడలేదు. కుంటుతూనే పనికి వెళ్ళేవాడు.

విచిత్రమేమిటంటే నాన్న తమ్ముణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. మంచం మీద ఉన్నప్పుడే "వాడు తిన్నడా?" అని అడిగేవాడు. అమ్మ అలా కాదు. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "తమ్మీ" అనడం మానేసింది. ఆయనకు కంచం పెట్టేది, అన్నం వడ్డించేది, కానీ ముఖం చూసేది కాదు. బాబాయి తెచ్చిన బజ్జీల పొట్లం గూట్లో అలాగే చల్లారిపోయేది. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. రోజూ ఆ కాలికి నూనె రాసింది ఆమే కదా.

బాబాయి తాగుడు మానేశాడు, బండి నడపడమూ మానేశాడు. ఒక కిరాణా గోడౌన్‌లో బస్తాలు మోసే పనికి కుదిరాడు. పాట ఆగిపోయింది. ఆదివారం మాతో పాటు ప్రార్థనకు వచ్చేవాడు గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. మా మందిరమంటే పెద్ద చర్చి అనుకునేరు! సిమెంటు రేకుల కప్పు వేసిన ఒక పొడవాటి గది. బయట మెట్ల దగ్గర అందరమూ చెప్పులు విడిచేవాళ్ళం. బాబాయి ఆ మెట్ల మీదే కూర్చుని చెల్లాచెదురుగా పడ్డ చెప్పులను జతలు జతలుగా సర్దేవాడు. అది ఆయనకు సంఘం ఇచ్చిన పదవి అని మేము పిల్లలం చాలాకాలం నమ్మాం.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుని అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ఆ రొట్టె మా నానమ్మ చేసేది. ఉప్పు లేకుండా, పులియబెట్టకుండా గోధుమపిండి పిసికి, మందంగా ఒత్తి, పెనం మీద సన్నని సెగకు కాల్చేది. తెల్లని గుడ్డ కప్పి నాన్న చేతికిచ్చేది. మందిరంలో పాస్టరు అయ్యగారు ముందుగా వాక్యం చదివేవారు. ఎవరూ అయోగ్యంగా తినకూడదు, తమను తాము పరీక్షించుకోవాలి అనే ఆ మాటలు వచ్చినప్పుడు మెట్ల మీద బాబాయి తల ఇంకా కిందికి వంగేది. కిటికీలోంచి నాకు కనిపించేది. తర్వాత రొట్టె ముక్కల పళ్ళెం చేతులు మారుతూ తిరిగేది. అందినవాళ్ళు వెంటనే తినకూడదు. అరచేతిలో పట్టుకుని అందరి కోసం ఆగాలి. అప్పుడు అయ్యగారు "అందరికీ అందిందా?" అని అడుగుతారు. ఎవరూ మాట్లాడకపోతే అందినట్టే. అందరం కలిసి తింటాం. ప్రతి నెలా ఎవరూ మాట్లాడేవారు కాదు. ప్రతి నెలా బాబాయి బయటే ఉండేవాడు.

అలాంటి ఒక మొదటి ఆదివారం, ఇంకా తెల్లవారుతుండగానే, నానమ్మ మణికట్టుకు పసుపూ సున్నమూ పట్టు వేసి, పాత చీర పేలిక చుట్టుకుని వంటింట్లో కూలబడింది.

"చెయ్యి బెణికిందిరా. జెర పిండి పిసుకు" అంది బాబాయితో.

బాబాయి పాము కనిపించినట్టు వెనక్కి జరిగాడు. "వదినను అడుగరాదే అమ్మా."

"మీ వదిన ద్రాక్షరసం కాస్తున్నది. కనవడ్తలేదా?"

"గది దేవుని రొట్టె అమ్మా. నా చేతులతోనా?"

"చేతులు కడుక్కున్నవా?"

"కడుక్కున్న."

"మరి ఇంకేం తక్లీఫ్? షురూ చెయ్."

బస్తాలు మోసే ఆ చేతులతో ఆయన పిండిని పసిపాపను పట్టుకున్నట్టు పిసకడం నేను చూశాను. స్టవ్ దగ్గర నిలబడ్డ అమ్మ కూడా చూసింది. చూసి మళ్ళీ గిన్నె వైపు తిరిగింది. రొట్టె ఒత్తడం రాక ఆయన దాన్ని మ్యాపులా తయారు చేశాడు. కాల్చేటప్పుడు కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడేమో, ఒక పక్క నల్లగా మాడింది. తిప్పబోతే అంచు చిరిగింది. దాన్ని పారేసి ఇంకొకటి చేద్దామని బతిమాలాడు. నానమ్మ వింటేగా! మాడిన రొట్టె మీదే తెల్లని గుడ్డ కప్పేసింది.

ఆ తర్వాత ఒక సంగతి జరిగింది. మునిసిపాలిటీ నల్లా నీళ్ళు వస్తే నానమ్మ పెరట్లోకి వెళ్ళి, బెణికిన చేత్తోనే నిండు బకెట్ ఎత్తి ఇవతల పెట్టింది. నేను నోరు తెరిచాను. ఆవిడ చుట్టూ చూసి, నాకు కన్ను గీటి, పట్టు సరిచేసుకుని మూలుగుతూ లోపలికి వెళ్ళింది. నాకు నవ్వు ఆగలేదు గానీ, ఈ నాటకమంతా ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

మందిరంలో అయ్యగారు గుడ్డ తీసేసరికి మాడు వాసన గుప్పుమంది. ఆయన ఒక్క క్షణం ఆ రొట్టెను చూసి, ప్రార్థించి విరిచారు. పళ్ళెం తిరిగింది. మా వరుసలోకి వచ్చింది. నానమ్మ తీసుకుంది. అమ్మ తీసుకుంది. అమ్మకు వచ్చిన ముక్కకు ఒక వైపు మాడు, దాని పక్కనే వేలి గుర్తు. పిండిలో దిగిన బొటనవేలి అచ్చు అలాగే కాలి ఉండిపోయింది. అమ్మ అరచేతిలో దాన్ని పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. బాబాయి చేతి బజ్జీ ముట్టనిది, ఇప్పుడు ఆయన చేతి రొట్టె పట్టుకుని కూర్చుంది. వద్దనడానికి లేదు, అది ప్రభువు బల్ల. తిందామంటే, ఆ వేలి గుర్తు ఎవరిదో ఆమెకు తెలుసు.

"అందరికీ అందిందా?" అన్నారు అయ్యగారు.

ఎప్పటిలాగే నిశ్శబ్దం. మగవాళ్ళ వైపు నాన్న తలవంచుకుని ఉన్నాడు. నానమ్మ కళ్ళు మూసుకుంది, కానీ పెదవులు కదులుతున్నాయి. అయ్యగారు తినమని చెప్పబోయారు.

అమ్మ లేచి నిలబడింది. ముసుగు జారితే సరిచేసుకోలేదు. సంఘంలో ఆమె గొంతు పాటలో తప్ప విడిగా ఎవరూ విని ఉండరు.

"అందలేదు అయ్యగారూ. మా తమ్మి బయట ఉన్నడు. ఆయనకు అందలే."

అందరి చేతుల్లో రొట్టె అలాగే ఉంది. ఎవరూ తినలేదు. చిన్నపిల్లలు కూడా కదలలేదు. మెట్ల దగ్గర బాబాయి, ఎవరిదో ఒక చెప్పు చేతిలో పట్టుకుని, గుమ్మం వైపు తిరిగి నిలబడిపోయాడు.

"నేను అర్హుణ్ణి కాదు వదినా" అన్నాడు. ఆ మాట సరిగా వినపడను కూడా లేదు.

"ఎవ్వలున్నరు ఇక్కడ అర్హులు? నాకు కోపం సుత పోలే ఇంకా" అంది అమ్మ. "రా తమ్మీ. అందరం ఆగినం."

అయ్యగారే పళ్ళెం పట్టుకుని నడిచి వచ్చారు. బాబాయి చెప్పు కింద పెట్టి, చేతులు చొక్కాకు తుడుచుకుని, గడప దాటి లోపలికి వచ్చాడు. నాన్న ఆ కాలు ఈడ్చుకుంటూ జరిగి పక్కన చోటిచ్చాడు. పళ్ళెంలో మిగిలింది అంచు ముక్క, బొగ్గులా మాడినది. ఆయన రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. అప్పుడు అందరం కలిసి తిన్నాం. అది చేదుగా ఉందని చెప్పడానికి నేను సిగ్గుపడను. ఆ చేదు నోట్లో ఉండగానే నాన్న భుజం మీద తల పెట్టి బాబాయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ కూడా ఏడ్చింది. ప్రమాదం జరిగిన తర్వాత ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం నానమ్మ ఒళ్ళో పడుకుని, బాబాయి అంత తప్పు చేశాడు కదా, దేవుడు ఎలా రానిచ్చాడని అడిగాను. నానమ్మ నా తలలో వేళ్ళు పోనిచ్చి అంది: "ఆకలైనోడు వస్తే కంచం పెడతం. నువ్వేం చేసొచ్చినవని అడుగుతమా? నేనే అడగను, ఇగ దేవుడు అడుగుతడా బిడ్డా?" నాకు ఇప్పటికీ దేవుని ప్రేమ గురించి ఇంతకన్నా ఎక్కువ తెలియదు. పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను, బాగానే ఉన్నాయి, ఇంటికి వచ్చేసరికి మరిచిపోయాను.

ఆ రోజుతో అన్నీ చక్కబడ్డాయంటే అబద్ధం. నాన్న కుంటు పోలేదు. అమ్మ ఒక్కోసారి ఆ కాలు చూసి మళ్ళీ ముభావంగా ఉండిపోయేది. కానీ "తమ్మీ" అన్న పిలుపు తిరిగి వచ్చింది. బజ్జీల పొట్లం గూట్లో చల్లారడం మానేసింది. నానమ్మ మణికట్టు మాత్రం ఆ తర్వాత ఎన్నడూ బాగుపడలేదు, పాపం! ప్రతి నెలా రొట్టె బాబాయే చేశాడు. ఇంకెప్పుడూ మాడ్చలేదు. బాగా కాలిన ఆ రొట్టెలు ఒక్కటీ నాకు గుర్తులేవు.

ఇప్పుడు నానమ్మ లేదు, బాబాయికి జుట్టు పూర్తిగా నెరిసింది, నాదీ నెరుస్తోంది. ఆ రేకుల గది పోయి మంచి భవనం వచ్చింది. మొదటి ఆదివారం అరచేతిలో రొట్టె ముక్క పట్టుకుని కూర్చుంటాను. "అందరికీ అందిందా?" అని అయ్యగారు అడుగుతారు. అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మాత్రం మూసుకోను. తల తిప్పి, గుమ్మం అవతల చెప్పుల దగ్గర ఎవరైనా కూర్చున్నారేమో చూస్తాను.